మారా సింహాలు, మొంబాసా గిన్నె

జంతువులను చూడటానికి ఆఫ్రికా వెళ్తున్నామని దోహాలో అందరికీ చెప్పాం. అది అబద్ధం కాదు. ఏనుగులనూ సింహాలనూ తనివితీరా చూసే వచ్చాం. కానీ ఆ వారం రోజుల ప్రయాణంలో మేము ముఖ్యంగా చూడవలసింది మొంబాసాలో ఉంటున్న ఒక మనిషిని. చూసి, అతను మా చెల్లెలు వసుంధరకు తగినవాడో కాదో నేను చెప్పాలి.

వసుంధర భర్త పోయి ఎనిమిదేళ్ళయింది. అప్పటి నుంచి దోహాలోని అల్ అజీజియాలో మాతోనే ఉంటూ బడిలో లెక్కలు చెబుతోంది. సత్యనారాయణ అనే అతను కొన్నేళ్ళ కిందట మా పక్క బిల్డింగులో ఉండేవాడట. అతనికీ భార్య పోయింది. భీమవరం మనిషి. రొయ్యలు నిల్వచేసే ఐసు ఫ్యాక్టరీలు నడపడం అతని పని. సాయంత్రాలు పార్కులో నడిచేటప్పుడు పరిచయమైందట. అతను ఉద్యోగం మీద మొంబాసా వెళ్ళాక ఆ మాటలు ఫోనులో సాగాయి. ఈ సంగతంతా మొన్న వేసవిలో, మా ఆవిడ మా అమ్మాయి పురుడుకు హైదరాబాద్ వెళ్ళిన రోజుల్లో, కాఫీ గ్లాసు నా ముందు పెట్టి చెప్పింది.

"నువ్వు కాదంటే చేసుకోనన్నా. కని, చూడకుండ మాత్రం కాదనకు" అంది.

నా అభ్యంతరం ఏమిటో నేనే సరిగ్గా చెప్పలేకపోయాను. మా ఇంట్లో ఆడపడుచు తన సంబంధం తాను చూసుకోవడం అంతకు ముందు లేదు. జగిత్యాల దగ్గర మాకొక గడి, అంటే దొరల మేడ, ఉండేది. ఇప్పుడా స్థలంలో విత్తనాల గోదాము ఉంది. నేను దోహా పక్కన లుసైల్‌లో ఒక కంపెనీలో కాంట్రాక్టుల విభాగం చూస్తాను. పోయినవాటి కోసం ఏడ్చే అలవాటు మాకు లేదు. మిగిలిన పద్ధతులను వదులుకునే అలవాటూ లేదు. సంబంధం చూడబోయిన ఇంట్లో మా ఇంటి పెద్ద మెతుకు ముట్టడు, మంచినీళ్ళు కూడా తాగడు. ముట్టాడంటే ఒప్పుకున్నట్టే. తిని లేచి కాదన్నవాడు మా వంశంలో లేడు. అందుచేత మొంబాసాలో ఏదీ ముట్టకుండా ఉండాలని, ఇంటికి వచ్చి నిదానంగా ఆలోచించి చెప్పాలని నిశ్చయించుకున్నాను.

ఖర్జూరాల డబ్బా

మా అన్నాచెల్లెళ్ళిద్దరినీ ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళింది రాజన్న. మా ఊరి పక్క ఊరివాడు, ఉమ్ సలాల్‌లో ఒక తోటలో డ్రైవరు. నేను వద్దన్నా నన్ను దొరా అనే పిలుస్తాడు. తనకు వీసా ఇచ్చిన కఫీల్ తోటలో కాసిన ఖర్జూరాలు ఒక డబ్బా నిండా తెచ్చాడు.

"కొత్త దేశం పోతున్నరు దొరా. ఒట్టి చేతులతోని ఎవలింటికి పోతరు? ఉంచుండ్రి" అన్నాడు.

వసుంధర వెంటనే లోపలికి వెళ్ళి, అంతకు ముందు అతను ఏదో తెచ్చిన డబ్బా నిండా సకినాలు పోసి తెచ్చింది. ఎవరింటి గిన్నె అయినా మా ఇంటి నుంచి ఖాళీగా తిరిగి వెళ్ళదు.

"మా అవ్వకు ఫోన్ల చెప్పిన, దొర ఆఫ్రికా పోతుండని" అన్నాడు రాజన్న బండి తిప్పుతూ. "దుబాయ్ నుంచి గక్కడికి బస్సు పోతదా అన్నది. ఆమెకు గల్ఫంత దుబాయే. పోతదన్న. లేకుంటే ఫోన్ పెట్టెయ్యనియ్యది."

ఆ ఖర్జూరాలను నా తోలు సంచిలో పెట్టుకున్నాను. ఎవరికివ్వాలో అప్పటికి తెలియదు. సత్యనారాయణ చేతికి ఏదైనా ఇవ్వడం కూడా ఒప్పుకోవడంలోకే వస్తుంది కదా.

నైరోబీలో మక్క గట్క

ఆగస్టు నెలలో దోహాలో గుమ్మం దాటితే మొహాన వేడి నీళ్ళు పోసినట్టుంటుంది. నైరోబీలో దిగితే జనం స్వెట్టర్లు వేసుకుని ఉన్నారు. ప్రయాణమంతా నేను వేసుకున్న, మెడదాకా మూసే బంద్‌గలా కోటును చూసి దోహాలో నవ్వినవాళ్ళున్నారు. ఇక్కడ ఎవరూ నవ్వలేదు.

మా వెంట ఉన్న గైడు పేరు జోసెఫ్. మంచి ఒడ్డూ పొడుగూ. చేయి కలిపి, కలిపిన చేయి వదలకుండా నా ఆరోగ్యం, ఇల్లు, పిల్లలు, దోహాలో వానలు, అన్నీ అడిగాడు. దోహాలో వానలు లేవంటే నిజంగా బాధపడ్డాడు. ఆ తరువాత గానీ సంచులు ఎత్తలేదు. మా కంపెనీలో అయితే "యల్లా, యల్లా" అంటూ మనిషి పేరు అడగకముందే పని మొదలవుతుంది. జోసెఫ్ పద్ధతే నాకు నచ్చింది.

ఊరంతా రంగురంగుల బొమ్మలు వేసిన చిన్న బస్సులు, ఒక్కోదానిలో ఒక్కో పాట. రోడ్డు పక్క కొట్టులో పాలలోనే మరిగించిన టీ తాగాం. దాన్ని ఇక్కడ కూడా చాయ్ అనే అంటారు. దోహాలో మనం తాగే కరక్ టీ ధరే అయింది, గ్లాసు మాత్రం రెండింతలు. మధ్యాహ్నం జోసెఫ్ తాను రోజూ తినే చోటికి తీసుకెళ్ళాడు. తెల్లటి ముద్ద, పక్కన వేయించిన ఆకుకూర. ముద్దను ఉగాలి అంటారు. వసుంధర చేత్తో తుంచి చూసి నవ్వడం మొదలుపెట్టింది.

"మక్క గట్క గదన్నా ఇది. జర గట్టిగ వండిన్రు, అంతే."

మా గడిలో మక్కజొన్న రవ్వతో చేసే ఈ గట్క వంటశాల వెనుక, పొలాలకు వెళ్ళేవాళ్ళ కోసం వండేవారు. మేము దాన్ని ముట్టేవాళ్ళం కాదు. యాభై ఐదేళ్ళకు, సముద్రం దాటి వచ్చి, మొదటిసారి తిన్నాను. బాగుంది. ఆకుకూర పులుపు లేక కాస్త చప్పగా ఉందిగానీ ముద్దకు వంక పెట్టడానికి లేదు.

మారా

నైరోబీ నుంచి మారా మైదానాలకు పోయే దారిలో నేల ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది. ఎత్తు మీద నిలబడి చూస్తే లోయ అవతలి అంచు కనబడలేదు. ఆ తరువాత గోధుమ పొలాలు, ఆ పైన గడ్డి, గడ్డి తప్ప ఏమీ లేని భూమి. మా తాతగారు వేట పిచ్చి ఉన్నవారు. మా గడి హాల్లో చిరుతపులి తల ఒకటి ఉండేది. చిన్నప్పుడు దాని నోట్లో చేయి పెట్టి ఆడుకునేవాళ్ళం. ప్రాణమున్న సింహాన్ని బండి కిటికీ పక్కన చూసినప్పుడు మాత్రం చేయి దానంతట అదే లోపలికి వచ్చేసింది.

సింహం గురించి మనం పెట్టుకున్న ఊహలన్నీ పక్కన పెట్టాలి. మేము చూసిన మగసింహం వెల్లకిలా పడుకుని నాలుగు కాళ్ళూ గాలిలో పెట్టి నిద్రపోతోంది. దూరంగా ఆడసింహాలు రెండు ఒక అడవిదున్నను పడగొట్టి, ఆయాసపడుతూ కూర్చున్నాయి. ఇంతలో మగవాడు లేచి, ఒళ్ళు విరుచుకుని, నింపాదిగా నడిచి వెళ్ళి భోజనానికి కూర్చున్నాడు. ఆడవి పక్కకు జరిగాయి.

"వేట వాళ్ళది, మొదటి ముద్ద ఆయనది" అన్నాడు జోసెఫ్.

"మన గడిల లెక్కనే ఉన్నదన్నా" అంది వసుంధర. "పెద్దమనిషి తినకుంటే ఇంకెవ్వలకు అన్నం లేదు."

ఆమె ఏమందని జోసెఫ్ అడిగాడు. నేను చెప్పలేదు. వసుంధరే ఇంగ్లీషులో చెప్పింది. అతను స్టీరింగు మీద కొట్టి మరీ నవ్వాడు.

మర్నాడు ఉదయం మేము దిగిన గుడారం ముందు టీ తాగుతుంటే పెద్ద నష్టం జరిగింది. ముఖం నల్లగా, ఒళ్ళు బూడిద రంగులో ఉండే కోతులు అక్కడ గుంపులుగా తిరుగుతాయి. ఒకటి వచ్చి నా పక్క కుర్చీలో మర్యాదగా కూర్చుంది. నేను టీ కప్పు ఎత్తేలోగా తోలు సంచి బకిల్ తీసి, డబ్బా మూత లేపి, రెండు చేతులా ఖర్జూరాలు తీసుకుని చెట్టెక్కింది. గింజలు ఒక్కొక్కటిగా నా కోటు మీదే ఉమ్మింది. కాపలా ఉన్న మనిషి కర్ర పట్టుకుని వచ్చేసరికి డబ్బాలో సగమే మిగిలాయి.

"పోనియ్యన్నా" అంది వసుంధర. "ఎవ్వలకియ్యాల్నో నీకు తెలుస్తలేకుండె. దానికి తెలిసింది."

లెమాయన్ అడిగిన ప్రశ్న

ఆ సాయంత్రం మసాయి పల్లె ఒకటి చూశాం. గుండ్రటి ముళ్ళకంచె, పేడతో అలికిన ఇళ్ళు. లెమాయన్ అనే పెద్దాయన ఎర్ర దుప్పటి కప్పుకుని, కర్ర మీద ఆనుకోకుండా నిటారుగా నిలబడి మాతో మాట్లాడాడు. జోసెఫ్ ఆయన మాటలను ఇంగ్లీషులోకి మార్చాడు. ఆయన నా కోటు ఇత్తడి గుండీలను మెచ్చుకున్నాడు. నేను ఆయన కర్ర పొన్నును మెచ్చుకున్నాను. తరువాత, మనం ఏం ఉద్యోగమని అడిగినంత మామూలుగా, "మీకెన్ని ఆవులు?" అని అడిగాడు.

"మా తాత రోజుల్లో మంద ఊరు దాటుతుంటే దుమ్ము తగ్గడానికి చాలాసేపు పట్టేది" అన్నాను. అది మా ఇంట్లో చెప్పుకునే మాటే.

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఒక్కటీ లేదు."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. దగ్గరికి వచ్చి నా భుజం మీద చేయి వేశాడు. "కరువా?" అని అడిగాడు.

మా భూములు పోయిన సంగతి విన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. కొందరు మంచిపని అయిందన్నారు, కొందరు కోర్టుకు వెళ్ళమన్నారు. చావు ఇంటికి వచ్చినవాడిలా పరామర్శించిన మనిషి ఈయనొక్కడే. వివరాలన్నీ చెప్పే ఓపిక లేక, "అవును, కరువే" అన్నాను. మళ్ళీ వానలు పడతాయని ఆయన ధైర్యం చెప్పాడు.

అక్కడితో ఆగలేదు. ఈమె ఎవరని వసుంధర గురించి అడిగాడు. చెల్లెలన్నాను. సంబంధం చూడటానికి వెళ్తున్నామని జోసెఫ్ చెప్పేశాడు. అతనికి ఎవరు చెప్పారో ఊహించడం కష్టం కాదు.

"ఆ మనిషి మీకు ఆవులు ఇస్తాడా?" అన్నాడు లెమాయన్. వాళ్ళలో పెళ్ళికొడుకే పిల్ల తరఫువాళ్ళకు పశువులు తోలాలి.

"ఆయన తాన ఆవులు లెవ్వు, రొయ్యలున్నయి" అంది వసుంధర. అది అనువాదమై వెళ్ళాక ఆయన, వాటిని మేపడం ఎట్లా అని అడిగాడు.

ఎర్ర ఏనుగులు

నైరోబీ నుంచి మొంబాసాకు రైలు. మంచి శుభ్రమైన రైలు, కిటికీలు పెద్దవి. సావో అడవి గుండా పోతుంది. అక్కడి మట్టి ఎరుపు, ఆ మట్టి చల్లుకున్న ఏనుగులూ ఎర్రగానే ఉంటాయి. పెట్టెలో ఉన్నవాళ్ళంతా ఒకవైపు కిటికీలకు ఒరిగారు. వసుంధర మాత్రం కదలలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది.

"అన్నా, ఆయన జర పొట్టిగుంటడు" అంది ఏదో కొంపలంటుకున్నట్టు. "ముందుగాలనే చెప్తున్న."

"ఎంత పొట్టి?"

"నా అంత."

"మంచిది. అంతకంటే తక్కువైతే ఆలోచిద్దాం."

నవ్వింది కానీ ఏనుగులను చూడలేదు. క్లాసులో పిల్లలను కంటిచూపుతో కూర్చోబెట్టే మనిషి, ఫలితాల కోసం చూసే పిల్లలా కూర్చుంది. ఆ ఫలితం నా చేతిలో ఉందన్న సంగతి నాకు అప్పుడు బరువుగా తోచింది.

మొంబాసా

రైలు దిగగానే ఉప్పుగాలి. దోహా సముద్రం వాసనే, కానీ ఇక్కడ గాలికి చల్లదనం ఉంది. స్టేషనులో సత్యనారాయణ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నిజంగానే పొట్టి. ఇస్త్రీ చొక్కా, దట్టమైన మీసం. నా సంచి అందుకోబోయాడు, నేను ఇవ్వలేదు.

"అలాగేనండి, ఉంచుకోండి" అన్నాడు. "చూసుకుని రండి, మెట్టు ఎత్తుగా ఉంటుంది."

అతని ఇల్లు పాత పట్నంలో. పగడపురాయి గోడలు, చెక్కిన తలుపులు, మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలే సందులు. సందు చివర ఇత్తడి కూజాలో కాఫీ అమ్మేవాళ్ళు కనబడ్డారు. కతర్‌లో ఇచ్చే గహ్వా కాఫీకి ఇది అన్నలాంటిది, నల్లగా, చేదుగా ఉంటుంది. ఇక్కడి భాషలో అరబ్బీ మాటలు అడుగడుగునా తగులుతాయి. చేపను సమాకి అంటారు, మన దోహా మార్కెట్లో సమక్ అన్నట్టే.

పై అంతస్తులో అతని గది. అతనొక్కడే పొద్దుటి నుంచి వండాడట. నేల మీద చాప, మూడు అరిటాకులు. మామిడికాయ పప్పు, రొయ్యల ఇగురు, కొబ్బరికోరుతో బీరకాయ, చారు, పెరుగు. ఆ వాసనకు గుమ్మంలోనే నా నిశ్చయం కాస్త కదిలింది. నడుము నిటారుగా పెట్టి, రైలు ప్రయాణానికి కడుపు బాగా లేదని చెప్పాను.

మన వైపు అయితే రెండోసారి, మూడోసారి బలవంతం చేస్తారు. అతను చేయలేదు. "అలాగేనండి. విశ్రాంతి తీసుకోండి" అని ఆకులు పక్కకు తీశాడు. బలవంతం చేయలేదేమని నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. నేను తినకపోతే వసుంధర తినదు. అతిథులు తినకపోతే అతను తినడు. ముగ్గురం గోడకు ఆనుకుని వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. మారాలో చలి గురించి నేను రెండుసార్లు చెప్పాను. చివరకు కాస్త గాలి పీల్చుకుని వస్తానని సంచి భుజాన వేసుకుని కిందికి దిగాను.

కింది అంతస్తు

సందులో ఒక చుట్టు తిరిగి కాఫీ తాగాను. ఖాళీ కడుపులో ఆ చేదు పడి ఆకలి రెట్టింపయింది. తిరిగి వచ్చేసరికి కింది వాటా గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. పేరు మామా ఫాతుమా అని తరువాత తెలిసింది; మామా అంటే అక్కడ అమ్మ. నల్లటి బుర్ఖా, చేతినిండా గోరింటాకు. నన్ను పైనుంచి కిందికి చూసి, "కరీబు" అంది. రమ్మని. నాకు తెలిసిన అరబ్బీలో వద్దన్నాను. ఆమెకు తెలిసిన అరబ్బీలో "కుల్, కుల్" అంది. తినమని. ఆ తీరంలో భోజనం వేళ గుమ్మం ముందు నుంచి ఎవరైనా వెళ్తే పిలవకుండా ఉండరట, పిలిస్తే వెళ్ళకుండా ఉండటం అవమానమట. ఇది సత్యనారాయణ ఇల్లు కాదు, ముట్టడానికి నాకు అడ్డం ఏమీ లేదు. వెళ్ళి కూర్చున్నాను.

కొబ్బరిపాలలో ఉడికిన కందులు, తియ్యటి పూరీ లాంటి రొట్టెలు ముందు పెట్టింది. తరువాత లోపలి నుంచి అన్నం, పప్పు, రొయ్యలు తెచ్చింది. మొదటి ముద్దకే ప్రాణం లేచి వచ్చింది. వీళ్ళూ చింతపండు వాడతారని విన్నాను కానీ ఇంత చక్కగా వాడతారనుకోలేదు. స్వాహిలీ వంట మన కోస్తా వంటకు ఎంత దగ్గరో ఇంటికి వెళ్ళాక రాసుకోవాలని కూడా అనుకున్నాను. రొయ్యలు మళ్ళీ వేయమని చేయి చూపించాను. ఆమె సంతోషించి గిన్నె మొత్తం నా వైపు జరిపింది. నేనూ అడుగుదాకా ఊడ్చాను.

గిన్నె అంచున చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలున్నాయి. మన స్టీలు కొట్లలో, కొన్న గిన్నె మీద పేరు చెక్కి ఇస్తారే, అవి. తెలుగు అక్షరాలు. పి. సత్యనారాయణ, భీమవరం.

గిన్నె ఎత్తి చూపించి, ఇదెక్కడిదని సైగ చేశాను. మామా ఫాతుమా పైకి వేలు చూపించి, చేతులు తిప్పి, అంతా చెప్పింది. పై ఇంట్లో చుట్టాలు తినలేదు, వండింది పారబోయడం తప్పు, అందుకని కిందికి వచ్చింది. నేనే ఆ చుట్టాన్నని ఆమెకు తెలియదు.

ఆమె గిన్నె కడిగింది. కడిగి, పైకి పంపడానికి గూట్లోంచి హల్వా తీసి అందులో వేయబోయింది. ఖాళీ గిన్నె పంపకపోవడం వాళ్ళ పద్ధతి కూడా. అది చూశాక నాకు ఆలోచించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ఆమె చేయి ఆపి గిన్నె నేను తీసుకున్నాను.

పైకి వెళ్ళేసరికి ఇద్దరూ నేను వదిలిన చోటనే కూర్చుని ఉన్నారు. వసుంధర నా చేతిలో గిన్నె చూసింది, మూతి పక్కన అంటిన ఇగురు చూసింది. లేచి నిలబడింది.

"అన్నా, తిన్నవా?"

"తిన్నాను."

"మేమిద్దరం ఆకలికి సస్తున్నం ఈడ" అంది.

సత్యనారాయణకు సంగతి అర్థమైంది. కంగారుగా చేతులు జోడించాడు. "మీ పద్ధతి వసుంధరగారు ముందే చెప్పారండి. అందుకే రెండోసారి అడగలేదు. బలవంతపెట్టి ఒప్పించినట్టు ఉండకూడదని. ఇది మీరు తెలియక తిన్నది. లెక్కలోకి రాదండి. మీరు నిదానంగానే చెప్పండి."

నేను వెనక్కు తగ్గడానికి దారి అతనే చూపించాడు. మా తాతగారైనా అంతకంటే మర్యాదగా చూపించగలిగేవారు కాదు.

"తెలియక తిన్నది మొదటిసారి" అన్నాను. "రెండోసారి అడిగి వేయించుకున్నాను. ఇగురు బాగా వండావు, సత్యం."

గిన్నె అతని చేతిలో పెట్టాను. అందులో నేను పోసిన ఖర్జూరాలున్నాయి. అతను గిన్నెను రెండు చేతులా అందుకున్నాడు. వసుంధర కొంగుతో కళ్ళు తుడుచుకుని గిన్నెలోకి తొంగి చూసింది.

"ఇవి కోతి తినంగ మిగిలినయి గదా అన్నా?"

"అవే."

"ఏ కోతండీ?" అన్నాడు సత్యం. ఆమె చెప్పడం మొదలుపెట్టింది, ఇద్దరూ ఖర్జూరాలు తింటూనే ఉన్నారు. నేను చాప మీద కూర్చుని కోటు మెడ గుండీ విప్పి, గ్లాసెడు మంచినీళ్ళు ఇమ్మని అడిగాను.